వీరాభిమానము: పటమునుండి తెరవఱకు

చెన్నూరు గోదావరీతీరమందలి ప్రాచీనక్షేత్రము. ఇచ్చట నది యుత్తరాభిముఖముగా ప్రవహించుటచే దీనికి పంచక్రోశోత్తరవాహిని యని ప్రసిద్ధి గలిగినది. అగస్త్యేశ్వరస్వామి యాలయమును, అందలి యఖండదీపమును దర్శించుటకు యాత్రికులు వచ్చుచుందురు. నిజాము పరిపాలనమున నీ యూరు ఆదిలాబాదుజిల్లాలో నొక తాలూకాస్థానము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ మొదలు మంచిర్యాలజిల్లాలో జేరినది. తూర్పువైపున ప్రాణహితానది, దాని యొడ్డున అర్జునగుట్ట యను గ్రామము గలదు. పాండవమధ్యముని పేరు ఆ గుట్ట కెట్లు వచ్చెనో చెప్పు స్థలపురాణముల జోలికి నే నిచ్చట పోను. నా వ్యాసవిషయము పాండవులకంటె నర్వాచీనులైన వీరులను గూర్చినది. అయినను పాండవులు మధ్యలో వచ్చి నిలువక మానరు.

చెన్నూరి బజారున నేడు సాలెపురుగువీరుని బొమ్మగల చొక్కా తొడిగిన బాలుడు కనబడుట వింత గాదు. అట్టి బాలుని బలుకరించి యడిగినచో, ఆ వీరుని సాలీడు కఱచిన వైనమును, పెంచిన పెదతండ్రి దొంగచేత జచ్చిన వైనమును పూసగ్రుచ్చినట్లు చెప్పును. శతకపద్యమున రెండవపాదము మఱచు పిల్లవాడే యీ కథలో నొక్క సన్నివేశమైనను తప్పిపోనీయడు. దీనిని జూచి మన పండితులలో రెండు మతము లేర్పడినవి. ఇది కేవలము పరదేశపు వెఱ్ఱి యనియు, వర్తకులు దిగుమతి చేసిన సరకనియు నొకమతము. హనుమంతుడే యాదివీరుడనియు, పాశ్చాత్యులు మన పురాణములనుండి యపహరించి తమవిగా జేసికొనిరనియు రెండవమతము. మొదటిది చూడక చేసిన తీర్పు; రెండవది చూడకోరినదానినే చూచుట. రెండును చరిత్రము గావు.

పరదేశవీరుల జన్మపత్రిక స్పష్టముగనే యున్నది. 1936వ సంవత్సరమున లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్ అను ముసుగువీరుడు అమెరికా పత్రికలలో దినదినమును ప్రకటింపబడు బొమ్మలవరుసగా వెలువడెను. 1938 జూను సంచికగా వెలువడిన ఆక్షన్ కామిక్సు ప్రథమసంచికలో సూపర్‌మాన్ పుట్టెను. అతనిని కల్పించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ లనువారు క్లీవ్‌లాండు నగరమున పెరిగిన యువకులు. యూదుల వలసకుటుంబములకు జెందినవారు. మఱుసటి యేడు బాట్‌మాన్, 1962లో స్పైడర్‌మాన్. సూపర్‌మాన్ పుట్టిన మూడేండ్లకే, 1941లో, ఫ్లీషర్ సోదరుల చేత కదలుబొమ్మల చిత్రముగా తెర కెక్కెను. 1978లో రిచర్డు డానర్ తీసిన చిత్రము లోకమంతట నాడెను. మన దేశమున టైమ్స్ ఆఫ్ ఇండియావారు 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్సును ఫాంటమ్ కథతో నారంభించి 1990వఱకు నడపిరి. 1967లో అనంత పై అమరచిత్రకథ నారంభించెను. ఈ క్రమములో మన పురాణము లపహరింపబడిన చోటు నాకు గానరాదు. తమ కులమువారు యూరపుఖండమున దిక్కులేక పడియుండగా, ఇద్దఱు బీదపిల్లలు గాలిలో నెగురు రక్షకుని బొమ్మ వ్రాసికొనిరి. కారణ మంతియే చాలును.

ఇక మన వైపు. ముందుగా నొక మాటను బరిశీలింపవలసియున్నది. ఇట్టి కథల ననురక్తితో చదువువానిని, చూచువానిని తెలుగున అభిమాని యందురు; అనురాగము మితిమీఱినచో వీరాభిమాని యందురు. సంస్కృతమున అభిమానమనగా గర్వము, 'ఇది నాది, ఇది నేను' అను బుద్ధి. సాంఖ్యు లహంకారమునకు అభిమానమునే లక్షణముగా జెప్పిరి. తెలుగున మానాభిమానము లనునపు డీ యర్థమే కొంత నిలిచియున్నది. అభిమానపడుట యనగా తన గౌరవమునకు గొఱత కలుగునేమోయని సంకోచించుట. పిమ్మట నా పదము పరులయందలి ప్రీతికి సంక్రమించినది. కావున తెలుగు అభిమాని యింగ్లీషువారి ఫ్యాను వంటివాడు గాడు. ఆ మాటకు మూలము ఆవేశపరుడైన భక్తుని జెప్పు లాటినుపదము. మనవాడు తనను బూనినవాని ననుసరించువాడు గాడు; వీరుడు తనవాడని చెప్పుకొనువాడు. ఈ భేదము కేవలము నిఘంటువునందలిది గాదనియు, తెలంగాణమునందలి యొక పాతవ్యవస్థలో దీనికి జీవమున్నదనియు నా యభిప్రాయము.

బొమ్మలు చూపి కథ చెప్పుట మనదేశమున మిక్కిలి ప్రాచీనము. ముద్రారాక్షసమున చాణక్యుని చారుడు యమపటమును బట్టుకొని యింటింట దిరుగును. హర్షచరితమునను యమపట్టిక వచ్చును. తెలుగున క్రీడాభిరామమునందు ఓరుగంటివీథిలో పల్నాటివీరుల కథ పాడు స్త్రీ వర్ణితమైనది. ఆ గ్రంథము వినుకొండ వల్లభరాయనిదా శ్రీనాథునిదా యను వివాదముతో మన కిచ్చట బనిలేదు. కాకతీయరాజధానిలో వీరకథను వినుటకు జనులు గుమిగూడుచుండిరని కవి కన్నులార జూచినట్లు వ్రాసెననునదే మనకు గావలసినది.

ఈ సంప్రదాయము తెలంగాణమున పటముకథలుగా నిలిచినది. పటము వ్రాయువారు నకాశులు. చేర్యాల వారి కిప్పటికిని ప్రసిద్ధస్థానము. ఆదిలాబాదుసీమలో నిర్మలయు నకాశుల యూరే, అయితే అచ్చటి పనితనము పొనికిచెక్కబొమ్మలకు, తరువాత బల్లలమీది చిత్రములకు మఱలినది. నూలుబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల యంబలి, జిగురు కలిపిన పూత పూసి యారబెట్టుదురు. ఆపైన నెఱ్ఱని నేలమీద కథను వరుసలువరుసలుగా వ్రాయుదురు. వరుసకును వరుసకును నడుమ పూలతీగె యంచు. వెడల్పు రెండుమూరలు, నిడివి నలువదియడుగులు మీఱిన పటములును గలవు. దానిని చుట్టగా జుట్టి, ప్రదర్శనసమయమున నొకవైపునుండి విప్పుచు నింకొకవైపు జుట్టుచు, కఱ్ఱతో నొక్కొక్క బొమ్మను జూపి పాటతోను మాటతోను కథ నడపుదురు. ఒకదాని వెనుక నొకటిగా గళ్లలో నిమిడిన బొమ్మలు, వాని నడుమ కాలము నడచిపోవుట, ఒకే వీరుడు ప్రతి గడిలోను ఒకే రంగుతో ఒకే కిరీటముతో గుర్తింపబడుట: కామిక్సు పుస్తకమునకు జెప్పదగిన లక్షణములన్నియు నిందున్నవి. ఒక్కటి మాత్రము భేదము. పుస్తకమున గడికిని గడికిని నడుమ నున్న ఖాళీని చదువరి తన యూహతో బూరించుకొనును. పటమున దానిని బూరించునది కథకుని కంఠము. అందుచేత పటము చేతబట్టుకొని యేకాంతమున చదువదగినది గాదు. అది ఊరి నడుమ తెఱచుకొనవలసినదే. దీనిని సినిమాకు మాతృక యనువారున్నారు. అది యతిశయోక్తి. సినిమా తెలంగాణమునకు బొంబాయి మద్రాసులనుండి యంత్రములతో వచ్చినది గాని చేర్యాలనుండి పోలేదు.

పటముకథకులు ఎవరికి దోచినచోట వారు ప్రదర్శించువారు గారు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పుదురు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణమును జెప్పుదురు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును జెప్పుదురు. ఏయే గ్రామము లేయే కుటుంబమువారివో వంశక్రమమున నేర్పాటు గలదు. ఆ గ్రామములు వారి మిరాశి. పోషకకులమువారు వారికి తిండి పెట్టి, కట్టడి ప్రకారము ధాన్యమో ధనమో యిచ్చి పంపవలెను. కథకులు పోషకుల గోత్రములను, మూలపురుషులను చెప్పవలెను. ఇచ్చట వినువాడు వీరుని మెచ్చుకొనుటకు మాత్రమే రాడు. పటముమీది మూలపురుషుడు తన పూర్వుడు. మార్కండేయుని వంశమున బుట్టిన భావనాఋషి మగ్గమెట్లు పట్టెనో వినునపుడు పద్మశాలి తన చేతిపనికి గౌరవము వినుచున్నాడు. జాంబవంతుడు సృష్టికి ముందే యుండెనని వినునపుడు, ఊరిబయట నుంచబడినవాడు ఊరికంటె దాను ముందుపుట్టినవాడని వినుచున్నాడు. పైన జెప్పిన అభిమానశబ్దము యొక్క పాతయర్థము, 'ఇది నాది' యనునది, ఇచ్చట నక్షరాల సార్థకమైనది. మన వాఙ్మయచరిత్రకారులు దీనిని కులపురాణములని యొక వాక్యములో ద్రోసివేయుట న్యాయము గాదు. శతాబ్దములకొలది యీ ప్రాంతమున నక్షరము నిరాకరింపబడినవారికి గ్రంథాలయ మీ గుడ్డచుట్టయే.

అడవివైపు పోయినచో బొమ్మ పటమునుండి ముఖముమీదికి వచ్చును. పాత ఆదిలాబాదు, కరీంనగరు, వరంగల్లుజిల్లాల నాయకపోడులు లక్ష్మీదేవర కొలుపునందు రంగులు వేసిన కొయ్యముఖములు ధరించి యాడుదురు. అందు పాండవుల ముఖములును, పోతరాజు ముఖమును గలవు. ఇచ్చట పాశ్చాత్యవీరుని ముసుగుతో పోలిక పెట్టుట కెవ్వరికైనను కోరిక పుట్టును. కాని పోలిక తలక్రిందుగా నున్నది. ఫాంటమునకును బాట్‌మానునకును ముసుగు తన పేరును దాచుటకు. దానిని దీసిన నసలుమనుష్యుడు కనబడును. నాయకపోడు ముఖము ధరించినపుడు దాగినది మనుష్యుడే, కనబడువాడే యసలువాడు. గోండుల గుస్సాడీయు నిట్టిదే. దీపావళికి ముందు దినములలో దండారీపండుగకు నెమలియీకల పెద్దకిరీటము ధరించి, ఒంటికి బూడిద పూసికొన్నవాడు వ్రతము ముగియువఱకు స్నానము చేయడు. ఏత్మాసూరుదేవత యతని నావహించియున్నదని నమ్మకము. మార్లవాయి గ్రామస్థుడైన గుస్సాడీ కనకరాజునకు 2021లో పద్మశ్రీ వచ్చినది. 2024లో నాయన పరమపదించెను. గోండులును, కొలాములును భీముని దేవునిగా బూజింతురు. ఆ భీముడు కవిత్రయమువారి భీముడు గాడు. వర్షమును, పంటను ఆజ్ఞాపించువాడు. గోండుల వంశగాథలను పాడువారు పర్ధానులు. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ ఈ జిల్లాలో నివసించి 1948లో ప్రకటించిన గ్రంథమున వారి గాథలను విస్తరముగా వివరించెను.

ఆ పర్ధానుల కథ యొకటి ఇచ్చట జెప్పదగును. మధ్యప్రదేశమందలి పర్ధానులు పాటనుండి బొమ్మకు మఱలిరి. వారిలో దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ లను చిత్రకారులు డాక్టరు అంబేద్కరుని జీవితమును చిత్రకథగా రచించిరి; అది భీమాయణ అను పేర 2011లో వెలువడినది. చతురస్రపు గళ్లలో మనుష్యులను బంధించుట తమ పద్ధతి గాదని, తమ యిండ్లగోడలమీది ముగ్గులవంటి దిగ్నా రేఖలతో కథను విభజించిరి. భీమునిపేరుగల యీ వీరుడు గాలిలో నెగురడు, చెఱువునీరు త్రాగును. వంశకథకుల కులమే, పాట పోయిన వెనుక, కామిక్సు కర్తలైన యీ సందర్భము మన వ్యాసవిషయమున కంతయు ముడివంటిది.

తెలుగు మైదానమున నీ పని పత్రికయు సినిమాయు జేసినవి. చందమామ 1947 జులైలో మద్రాసునుండి వెలువడినది. దానిని స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణులే విజయాసంస్థ నడపిరి. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజారు, రెండును కె. వి. రెడ్డి దర్శకత్వమున, వారి సంస్థనుండియే వచ్చినవి. నెలనెల బొమ్మలకథను బంచిన చేతులే వెండితెరమీద మాంత్రికుని, గదాధారియైన ఘటోత్కచుని నిలిపినవి. అమెరికాలో కామిక్సు కంపెనీయు చలనచిత్రకంపెనీయు నొక్కటియై వ్యాపారము చేయుట తరువాతి మాట. మద్రాసున నది ముందే జరిగినది, అయితే నెవరును దానికి పెద్దపేరు పెట్టలేదు. మాయాబజారున శశిరేఖాకథ వ్యాసభారతమున లేదని పండితులెఱుగుదురు. లేనిదానికే జనులు బ్రహ్మరథము పట్టిరి. భీముని కొడుకు, అడవితల్లి బిడ్డ, రాజకుమారునికి పెండ్లి చేయించిన కథ యది, ఎస్. వి. రంగారావు ఆ రాక్షసునికి దొరతనము కల్పించెను.

పరదేశవీరుడు స్వయముగా తెలుగుతెరమీదికి వచ్చినపు డేమయ్యెనో చూడవలెను. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వమున, నందమూరి తారక రామారావు నాయకుడుగా సూపర్‌మేన్ అను చిత్రము వచ్చినది. పేరు అమెరికాది, దుస్తులు అమెరికావి. శక్తి మాత్రము హనుమంతు డిచ్చినది. అమెరికా వీరునకు శక్తి యెట్లు వచ్చెను? అతడు వేఱొక గ్రహమున బుట్టినవాడు. ఇంకొకనికి సాలీడు కఱచినది. పుట్టుకయో, ప్రమాదమో. వరము గాదు. తెలుగువాని కది చాలలేదు. శక్తి యెవరో యిచ్చినదై యుండవలెను, ఇచ్చినవానికి లెక్క చెప్పవలసినదై యుండవలెను. నలువదినాలుగేండ్ల తరువాత, 2024 జనవరి 12న ప్రశాంత్ వర్మ తీసిన హనుమాన్ చిత్రము వెలువడినది. అందును అంజనాద్రి యను కల్పితగ్రామమున నొక కుఱ్ఱవానికి హనుమంతుని రక్తబిందువువలన నేర్పడిన మణి దొరకుటచే శక్తి వచ్చును. పూర్వపు కరీంనగరుజిల్లాలోని కొండగట్టున ఆంజనేయదీక్ష వహించి కాషాయముతో మండలదినములు గడపు యువకుల జూచినవారికి, ఈ కథ యెచ్చటనుండి బలము పొందినదో వేఱుగా జెప్పనక్కఱలేదు. దీక్షయు నొక వేషధారణమే; అందు శక్తి కంటె నియమము ముందు.

ఆ చిత్రమున నన్ను నిలిపిన సంగతి నాయకుడు గాడు, ప్రతినాయకుడు. వాడు చిన్ననాటినుండి పరదేశవీరుల కథలకు వీరాభిమాని. ఆ వీరులందఱును తల్లిదండ్రులు లేనివారని గ్రహించి, తానును వీరుడగుటకు తన తల్లిదండ్రులను దానే చంపును. మహావీరుని చిత్రమున మహావీరుల యభిమానియే దుష్టుడగుట సామాన్యమైన యూహ గాదు. అతనిది 'ఇది నాది' యనుట గాదు, 'నేనే అది' యనుట. సాంఖ్యుల యర్థము పూర్తిగా వాని పాలబడినది. పటముముందు గూర్చున్న పద్మశాలికి మూలపురుషుడు కావలెను. వీనికి మూలమే యడ్డము. దర్శకుడు పండితులమాట దలచి దీనిని కల్పించెనని నే ననను. కాని కథ తనకు తెలియకయే యొక భేదమును గుర్తించినది.

2019లో అవెంజర్సు: ఎండ్‌గేమ్ తెలుగుమాటలతో విడుదలయ్యెను. దానికి పూర్వకథయైన 2018 నాటి చిత్రమున దుష్టుడైన థానోసునకు తెలుగున కంఠ మిచ్చినవాడు, భల్లాలదేవుడై 2015లో బాహుబలియందు నటించిన దగ్గుబాటి రానా. పరదేశరాక్షసుడు భల్లాలదేవుని గొంతుతో మాటాడుట విని ప్రేక్షకులు పరిచితుని జూచినట్లు సంతోషించిరి. భరతముని వీరమునుండి అద్భుతము పుట్టునని చెప్పెను. ఈ చిత్రములలో నద్భుతమే ముందు బుట్టి, వీరము దాని వెనుక వచ్చుచున్నదనిపించును. ఇది నా రుచిభేదము గావచ్చును.

వీరు డెవరి సొత్తు? ఈ ప్రశ్న రెండు దేశములలో రెండు విధములుగా నడచినది. సీగెల్, షూస్టర్లు తమ వీరుని సర్వహక్కులతో 1938లో 130 డాలర్లకు విక్రయించిరి. ఆ వీరుడు కోట్లు గడించుచుండగా కర్తలు బీదలై వ్యాజ్యములాడిరి; 1975లో గాని సాలుకు 20,000 డాలర్ల భరణమును, కర్తలుగా పేరు వేయుటయు వారికి లభింపలేదు. అభిమానుల గతి కొంత మేలు. 1960 ప్రాంతమున సంపాదకులు పాఠకుల యుత్తరములను చిరునామాలతో సహా యచ్చువేయగా, వారు పరస్పరము వ్రాసికొని, 1961లో ఆల్టర్ ఈగో వంటి సొంతపత్రికలు పెట్టుకొనిరి. వారిలో రాయ్ థామస్ వంటివారు పిమ్మట నా కథలకే రచయితలును సంపాదకులునైరి. మనవైపున పటముకథలో వీరుడు కులముసొత్తు, చెప్పుహక్కు కథకునిది, బొమ్మ నకాశిది. ఎవరును విక్రయింపజాలరు. ఈ యేర్పాటును బంగారముగా బొగడుటకు నేను సిద్ధముగా లేను. కథకుడు పుట్టుకచేత యాచకుడు. కూనపులివాని కొడుకు కూనపులివాడుగాక వేఱొకటి కాజాలడు. డక్కలివాడు మాదిగవాడలో సయితము అంటరానివాడు. నకాశికి తన పేరు పటముమీద వ్రాసికొను నలవాటు లేదు. అమెరికాలో కర్త మోసపోయినాడు, ఇచ్చట కర్త యను మాటయే లేదు.

ఇంకొక సంగతి. ఆక్షన్ కామిక్సు ప్రథమసంచిక వెల 1938లో పది సెంట్లు. దాని ప్రతి యొకటి 2024 ఏప్రిలులో వేలమున 60 లక్షల డాలర్లకు బోయినది. అభిమానులు కాగితమును మృతదేహమును గాపాడినట్లు గాపాడుదురు. మన పటము జీర్ణమైనపుడు కథకులు దానికి మనుష్యునకు వలె నంత్యక్రియలు జరిపి నదిలో విడుతురు. క్రొత్తపటము వ్రాయించి, దానికి పూజచేసి, కన్నులు దీర్చి కథ కారంభింతురు. కావున ప్రాచీనపటములు మనకు మిగిలియుండుట యపవాదము, పోవుటయే ధర్మము. గోదావరి యెన్ని చుట్టలను మ్రింగినదో లెక్కలేదు. ఇది యలక్ష్యమువలన గలిగిన నష్టము గాదు, భక్తివలన గలిగినది. అయితే క్రొత్తపటము వ్రాయించు పోషకుడున్నంతకాలమే యీ ధర్మము నిలుచును. మగ్గములు ఆగి పద్మశాలీలు భీవండీ, సూరతులకు వలసపోయినపిమ్మట, వ్రాయించువాడు లేక, విడువలేక, కథకులు పాతచుట్టలను కొనవచ్చినవారికి అమ్మినారు. చేర్యాలబొమ్మ నేడు గోడకు తగిలించు చిన్నచిత్రమై బజారులో దొరకుచున్నది. ఒక్క గడి మాత్రమే, కథ లేకుండ. జయధీర్ తిరుమలరావుగారు పటములను, ముఖములను, వాద్యములను సేకరించి ఆద్యకళ యను పేర ప్రదర్శించిరి. వారి శ్రమ గొప్పది. అయినను ప్రదర్శనశాలలో పటము మాటాడదు.

కావున ఈ పత్రికను జదువు ఉపాధ్యాయులకు, విశేషించి చెన్నూరు, లక్షెట్టిపేట, మంథని ప్రాంతముల తెలుగుపండితులకు, ఒక విన్నపము. బాలుడు సాలెపురుగువీరుని కథ చెప్పుచున్నపుడు వారింపక వినుడు. అది ముగిసిన తరువాత, నీ యింట తాతగాని అవ్వగాని పటముకథ వినిరా యని యడుగుడు. వినినచో నే కులమువారు చెప్పిరి, ఏ యూరినుండి వచ్చిరి, ఎన్ని రాత్రులు చెప్పిరి, మొదటి బొమ్మ యేది, కడపటి బొమ్మ యేది, పటము విప్పుటకు ముందేమి యడిగిరి, పోవునపు డేమి యిచ్చిరి యను సంగతులను పిల్లవానిచేతనే వ్రాయింపుడు. వ్రాసినదానిలో తప్పులు దిద్దకుడు. 1970 ప్రాంతమువఱకు నూళ్లలో పటములు విన్నవారు ఇప్పుడు డెబ్బదియేండ్లకు పైబడినవారు.